దండెం మీద నీడలు

పొద్దుగాల లేవంగనే సోమమ్మ వాకిలి ఊడ్చి సాన్పు చల్లేది. దొడ్డి తడిక తీసి గొర్రెపిల్లలను తల్లుల కాడికి ఇడిచేది. ఆ తర్వాత బాయి గడ్డకు పోయి, ఇంజిను మూత తిప్పి పెట్రోలు ఎంతున్నదో, కిందికి వంగి నూనె ఎంతున్నదో చూసేది. కాపురానికి వచ్చిన కొత్తల ఈ ఆఖరు పని లేకుండె. ఇంజిను ఇంటికి వచ్చినంక అది ఆమెకే అంటుకున్నది, మల్ల ఇడువలేదు.

మోత్కూరుకు ఇవుతల ఉన్న ఆ ఊర్లె కురుమ చెన్నయ్య ఇల్లు ఏదంటే, ఇంజిను చప్పుడైతున్న ఇల్లు అని చెప్పేటోళ్లు. చెన్నయ్య సోమమ్మ పెనిమిటి. నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలు కడిగే జాగల పాత ఇంజిను ఒకటి మూలకు పడి ఉంటే, పొట్టేళ్లను ఇచ్చి దాన్ని బండి మీద వేసుకొని వచ్చిండు. తాడు చుట్టి గుంజితే దడదడమని లేస్తది. బాయి నీళ్లు తాగి, రబ్బరు పైపుల నుంచి సన్నటి ఇత్తడి మూతికి తెచ్చి, గంత జోరుగ చిమ్ముతది, చెయ్యి అడ్డం పెట్టినోడు అబ్బో అని గుంజుకోవాలె. బొచ్చు కత్తిరించే ముందు గొర్లను కడగాలె గదా. ఇదివరకు వాగుల దించి ఒక్కొక్కదాన్ని పట్టి రుద్దేటాళ్లకు నడుములు పడిపోయేవి. ఇంజిను వచ్చినంక మందకు మంద ఒక్క పూటల ఒడిసేది.

అయితే ఆ నీళ్ల జోరుకు మట్టి ఒక్కటే పోలేదు. నీడలు గూడ ఊడొచ్చినయి.

మొట్టమొదట పెద్ద పొట్టేలును కడిగినప్పుడు దాని కాళ్ల కింది నీడ నాని, అంచులు లేచి, జారి బండ మీద ముద్దగ పడ్డది. చెన్నయ్య ఇంజిను ఆపి తల గోక్కున్నడు. ఆయన తల్లి భద్రమ్మ చూరు కింద కూసొని ఉన్ని వడుకుతున్నది. తలెత్తి చూసి, "చూస్తవేందిరా, ఎత్తి ఆరెయ్యి. గట్టిగ పిండకు, చినుగుతది" అన్నది. మల్ల కదురు తిప్పుకున్నది.

కంప మీద ఆరేస్తే ముండ్లకు చినుగుతున్నయని పందిరి గుంజలకు దండెం కట్టిన్రు. ఎండకేస్తే ఎలిసిపోతయని చల్లటి జాగలనే ఆరేసిన్రు. ఆరినంక దులిపి, కాళ్ల కింద పరిచి, పేరు పెట్టి పిలిస్తే ఎవరిది వాళ్లకు అంటుకునేది. పేరు పిలువకుంటే అంటదు. నల్లబొట్టి, మొండిచెవిది, కాశిగాడు అనుకుంట సోమమ్మ ఒక్కొక్కదాన్నే పిలిచి తొడిగేది. కురుమోళ్ల మందల పేరు లేని జీవం ఎక్కడుంటది?

ఒక్కసారి మాత్రం తప్పయింది. వాడకట్టు గాలయ్య తన మ్యాకపోతును, బండి ఎద్దును ఒక్కనాడే కడిగించుకున్నడు. సోమమ్మ ఎద్దు నీడను చేతుల పట్టుకొని, సోయి లేక మ్యాకను పిలిచింది. ఇగ ఆ మ్యాక ఎద్దు నీడ ఏసుకొని ఊరంతా తిరిగింది. బాట మీద ఎవ్వరికీ తొవ్వ ఇయ్యలేదు. "నీ కోడలు నా మ్యాకకు పొగరు నేర్పింది, వదినా" అని గాలయ్య వచ్చి భద్రమ్మకు చెప్పుకుంటే, ఆమె నవ్వీ నవ్వీ కదురు కింద పడేసుకున్నది.

మనుషుల సంగతి వేరే. పక్కింటి గోవిందమ్మ బిందె పట్టుకొని పైపుకు అడ్డమొస్తే, ఆమె నీడ ఊడి బండ మీద పడ్డది. సోమమ్మ "గోవిందమ్మా, గోవిందమ్మా" అని ఎంత పిలిచినా అది కదలలేదు. ఆఖరికి గోవిందమ్మే కోపమొచ్చి, "గోవిందమ్మ అంటే నేనే, రా" అని గదిమినంక వచ్చి కాళ్లకు అంటుకున్నది. జీవాలకు ఎవరు పిలిచినా ఒకటే, మనిషి నీడ మాత్రం దాని సొంతదారు నోరే ఇంటది అని ఆనాడు ఊరికి ఎరుకైంది.

ఇంజిను గుణాలు గూడ సోమమ్మకు ఒక్కొక్కటే తెలిసొచ్చినయి. మూతిల ఉన్ని ఇరుక్కుంటే నీళ్లు సన్నబడతయి. ప్లగ్గు మసిబారితే తాడు ఎంత గుంజినా లేవదు. కాలుతున్నప్పుడు పెట్రోలు పోయొద్దు. బీడి పట్టుకొని దగ్గరికొచ్చే గాలయ్యను మాత్రం ఎప్పుడైనా తరమొచ్చు.

భద్రమ్మకు ఇవేమీ పట్టకుండె. ఆమెకు ఇంజినంటే ఇంటికొచ్చిన దేవుడు. రోజూ తానం చేసి వచ్చి, అన్నిటికంటే మీదున్నది గాబట్టి అదే దాని నొసలనుకొని, పెట్రోలు మూతకు ఇంత పసుపు మెత్తి, నడుమ కుంకుమ బొట్టు పెట్టేది. పాత బొట్టును తుడువకుండె. దేవుని బొట్టు తుడిచే చెయ్యి ఎక్కడన్న ఉంటదా?

ఇగ దుర్గయ్య సంగతి చెప్పాలె. దుర్గయ్య భద్రమ్మ పెనిమిటి, సోమమ్మకు మామ. ఎండకాలం రాంగనే మందను తోలుకొని కిష్ట ఏటి ఒడ్డుకు పోయేటోడు. వానలు పడి పచ్చిక లేస్తేనే మల్ల ఇంటి మొఖం. ఊర్లె ఉన్ననాడు గూడ జాతరకో పెండ్లికో పోతే ఆయన ముంగట నడిచేటోడు, భద్రమ్మ ఎనుక. ఆయనకు మంద నడక, ఆమెకు ఇంటి నడక. ఇద్దరూ పక్కపక్కన నడవంగ చూసినోళ్లు ఊర్లె లేరు.

భద్రమ్మ నోట మొగని పేరు ఇన్నోళ్లూ లేరు. పెండ్లినాడు ఆడిబిడ్డలు గడప కాడ అడ్డం నిలవడి, "పేరు చెప్తేనే లోపటికి" అన్నరట. కొత్త పెండ్లికూతురు పొద్దు వాలేదాక అట్లనే నిలవడి, ఆఖరికి గొర్ల దొడ్డిల నుంచి ఇంట్లకొచ్చిందట. మొగని పేరు నోట అంటే ఆయన ఆయిష్షు అరుగుతదని ఆమెకు తల్లి చెప్పింది. ఆ ఒక్క మాట ఆమె ముడేసి కొంగున కట్టుకున్నది. చెన్నయ్య నాయిన అనేది, మీ మామ అనేది, ఏమీ కుదరకపోతే ఆ మనిషి అనేది. దుర్గయ్య మాత్రం తక్కువోడా? ఆయనకు ఆమె పేరే "ఏమే".

ఆ ఏడు దుర్గయ్య వానలకంటే ముందుగాలనే వచ్చిండు. మందను ఎంటొచ్చిన అన్నదమ్ముల పాలోళ్లకు అప్పజెప్పి, కట్టె పట్టుకొని, ఆగుకుంట ఆగుకుంట వచ్చి గడప కాడ కూలవడ్డడు. సోమమ్మ నీళ్లిచ్చి, కాళ్ల దిక్కు చూసి, చెంబు కింద పెట్టింది. మామ నీడ మడిమల కాడ చిల్లులు పడి ఉన్నది. ఎండలకు తిరిగి తిరిగి, రాళ్ల మీద ఈడ్చి ఈడ్చి, పాత గొంగడి అంచు లెక్క పోగులు లేచింది.

నల్లగొండ పెద్ద దవాఖానకు తీస్కపోయిన్రు. సూదులు ఇచ్చిన్రు, గోలీలు ఇచ్చిన్రు. జరం దిగింది. "ఒంటికి మేం చేసేది చేసినం, నీడ అరిగితే మా కాడ మందు లేదు, పెద్దాయన్ను ఇంటికాడ మంచిగ చూసుకోండ్రి" అని డాక్టరు నెమ్మదిగనే చెప్పిండు. నీడ ఒడిసిన మనిషి నిలువడని ఎవరికి తెలియదు?

భద్రమ్మ ఏడువలేదు. పొద్దున ఒక్కసారి ఇంజినుకు పెట్టే బొట్టు, పగటీలి ఒకటి, పొద్దుమూకి ఒకటి పెట్టవట్టింది. అత్త కాళ్లు అరిగేటట్టు బాయి గడ్డకు తిరుగుతుంటే సోమమ్మ వద్దనలేదు.

ఇంజినుకు రోగమొచ్చింది గూడ ఆ దినాలల్లనే. గుంజంగనే లేస్తున్నది, ఆకువక్క నమిలినంతసేపు మంచిగ నడుస్తున్నది, ఇగ దగ్గి దగ్గి చస్తున్నది. చెన్నయ్య ప్లగ్గు తీసి గీకిండు, మూతి ఊదిండు, నూనె మార్చిండు. ఇంటికాడున్న గొర్లల్ల సగం కడగక ఆగిపోయినయి. ఒకనాడు విసుగొచ్చి, "నార్కట్‌పల్లి పోయి యాదయ్య మేస్త్రిని తోలుకొస్త, దీన్ని ముట్టకుండ్రి" అని పొద్దటి బస్సెక్కిండు.

ఆనాడే పగటీలి దాటినంక దుర్గయ్య నీడ మరీ చిన్నగైంది. నులక మంచం బాయి గడ్డ మీద ఏసి పండవెట్టిన్రు గదా, మంచం నీడ మంచానికి ఉన్నది, మనిషిది మాత్రం తలగుడ్డ అంతనే మిగిలింది. అది గూడ అంచుల పొంటి కరుగుతున్నది. పొద్దుమూకితే నీడలన్నీ పోయి పొద్దున మల్ల వస్తయి. ఇది మాత్రం ఈ పొద్దు పోతే రాదు.

భద్రమ్మ మంచం కాడ నుంచి లేచి వచ్చి, కోడలి ముంగట నిలవడ్డది.

"సోమీ, నన్ను కడుగు" అన్నది.

"ఏందత్తా?"

"నా నీడ ఊడగొట్టు. మీ మామకు కప్పుత. ఆ మనిషి ఎండలల్ల పడి అరగదీసుకున్నడు. నేనెప్పుడూ చూరు కిందనే ఉన్న. నాది పెట్టెల పెట్టిన చీర లెక్క ఉన్నది, చూడు."

నిజంగనే ఆమె నీడ నల్లగ, నిండుగ, అంచు చెదరకుంట ఉన్నది.

"మరి నువ్వు?" అన్నది సోమమ్మ.

"నా సంగతి నాకిడువు."

"ఇడువ. మామ కావాలె, నువ్వు గూడ కావాలె నాకు. అమ్మ లేని నన్ను కడుపుల పెట్టుకున్నవు. నా చేతులతోని నేనే నీ నీడ తియ్యాల్నా?"

భద్రమ్మ కోడలి గదుమ పట్టుకున్నది. "బిడ్డా, ఆయన ఏడాదిల సగం నా కాడ లేకుండనే బతికిండు. అయినా వస్తడన్న ధైర్యం ఉండె. ఇప్పుడు పోతే రాడు. ఆ దొడ్డి తడిక దిక్కు చూసుకుంట నేను ఉండలేనే. లే, పొద్దు వాలుతాంది."

సోమమ్మ కన్నీళ్లు తుడుచుకొని ఇంజిను కాడికి పోయింది. తాడు చుట్టి గుంజింది. లేచింది. పైపు పట్టేటాళ్లకు దగ్గి చచ్చింది. పెట్రోలు ఒడిసిందేమోనని మూత తిప్పి చూసింది, సగం దాక ఉన్నది. మూత పెట్టి గుంజింది, లేచింది, మల్ల చచ్చింది. ప్లగ్గు తీసి కొంగుతోని తుడిచి పెట్టింది. అదే తంతు. మల్ల మూత తిప్పింది. అప్పుడు ఇన్నది, సుయ్‌మని సన్నటి చప్పుడు. ఊపిరి బిగవట్టినోడు గాలి గుంజుకున్నట్టు.

సోమమ్మ చెయ్యి అట్లనే ఆగింది. మూత తీసినప్పుడల్లా ఇది గాలి పీలుస్తున్నది. పీల్చినంక జరసేపు నడుస్తున్నది. గ్యాసునూనె డబ్బా యాదికొచ్చింది ఆమెకు. ఒక్కటే బొక్క పొడిస్తే నూనె బుడుక్ బుడుక్‌మని ఆగిపోతది. ఇంకో దిక్కు గాలికి ఇంకో బొక్క పొడిస్తేనే ధార పడుతది. దీనికి గూడ గాలి బొక్క ఏడనో ఉండాలె.

మూతను తిప్పి తిప్పి చూసింది. మీద రొట్టె మందాన పసుపు, దాని మీద కుంకుమ, మల్ల పసుపు. గోరుతోని గీకితే పెంకు లేచొచ్చింది. నట్టనడుమ, బొట్టు పెట్టే జాగలనే, సూది మొన అంత బొక్క. లోపలి దాక పసుపే.

"అత్తా, దబ్బనం తే."

భద్రమ్మ తెచ్చింది. కోడలు ఏం చేస్తున్నదో చూసింది. గీకిన పసుపు నేల మీద పడుతుంటే ఆమె మొఖం పాలిపోయింది.

"నేనే దాని ఊపిరి ఆపిన్నా, సోమీ?"

"నొసల పెట్టిన అనుకున్నవు. అది ముక్కు" అన్నది సోమమ్మ. ఏడ్పుల నుంచే నవ్వొచ్చింది ఆమెకు. "దేవునికైనా ముక్కుల పసుపు కుక్కితే ఎట్ల, అత్తా?"

భద్రమ్మ చెంపలేసుకున్నది. సోమమ్మ దబ్బనంతోని బొక్కను మంచిగ కెలికి, ఊది, మూత బిగించి, తాడు గుంజింది. ఇంజిను లేచింది. సోమమ్మ ఊపిరి బిగవట్టి నిలవడ్డది. దగ్గు రాలేదు. బాయిల నీళ్లు గలగలమని ఎక్కినయి.

భద్రమ్మ పొద్దుకు ఈపు పెట్టి బండ మీద నిలవడ్డది. సోమమ్మ మూతిని మనిషి దిక్కు పెట్టలేదు. ఎడంగ నిలవడి, కాళ్ల కాడ నీడ కుట్టు ఉన్న దిక్కే కొట్టింది. నీడ గట్టిది, తొందరగ రాలేదు. అంచు లేచి, మడిమల కాడ పట్టుకొని, పట్టుకొని, ఆఖరుకు ఒక్కపారి ఊడొచ్చింది. భద్రమ్మ తూలి బండ మీద కూసున్నది. పొద్దు ఆమె మీద పడ్డది గని, ఆమె ఎనుక నేల మీద ఏమీ లేదు.

దండెం మీద ఆరేసే యాళ్ల లేదు. సోమమ్మ నీడను రెండు చేతుల మీద ఏసుకొని, ఇంజిను వేడికి కాగవెట్టింది. అటు తిప్పి ఇటు తిప్పి, గొంగడి ఆరవెట్టినట్టే ఆరవెట్టింది. ఉన్ని వాసనొచ్చింది దాని కాడ, పొయ్యి పొగ వాసనొచ్చింది. తెచ్చి మంచం పక్కన పరిచింది. దుర్గయ్య నీడ ఇప్పుడు అరచెయ్యంతనే ఉన్నది.

"పిలువు అత్తా."

భద్రమ్మ మంచం కోడు పట్టుకొని నిలవడ్డది. "చెన్నయ్య నాయినా" అన్నది. నీడ కదలలేదు. "సోమమ్మ మామా" అన్నది. కదలలేదు. "ఇగో, నిన్నే" అన్నది. అంచన్న లేవలేదు.

"పేరు పెట్టి పిలువాలె, అత్తా."

"పేరంటే ఆయనకేమన్న అయితదే. ఇన్నేండ్లు గందుకే అనలేదు. ఇప్పుడు, ఈ పానం మీదున్న యాళ్ల, నా నోటితోని నేనే…" పొద్దు తాటికమ్మల ఎనుకకు దిగుతున్నది.

దుర్గయ్య కండ్లు తెరిచి చూస్తున్నడు. చెయ్యి మంచం మీద జరంత జరిగింది, ఆమె దిక్కు.

భద్రమ్మ ఆ చెయ్యి పట్టుకున్నది. కండ్లు మూసుకున్నది.

"దుర్గయ్యా" అన్నది.

చిన్నగ అన్నది గని, ఆ మాటల ఎంత ప్రేమున్నదో సోమమ్మ ఇన్నది. గొర్లు గూడ మేసుడు ఆపి తలెత్తినయి. నీడ నేల మీద నుంచి లేచి, మంచం ఎక్కి, ఆయన కాళ్లకు అంటుకున్నది. నల్లగ, నిండుగ పరుచుకున్నది. దుర్గయ్య చాతి నిండ ఊపిరి పీల్చిండు. మొఖంల కళ వచ్చింది.

నీడ లేని భద్రమ్మ చెయ్యి ఆయన చేతుల చల్లబడుతున్నది. ఆయనకు తెలిసింది. ఆయన లేచి కూసున్నడు. ఎన్నడూ "ఏమే" తప్ప ఇంకో మాట ఎరుగని నోరు, జరసేపు తడుముకున్నది.

"భద్రమ్మా" అన్నడు. "ఏడికి పోతవు? నా పక్కన కూసో, భద్రమ్మా."

నీడ ఇప్పుడు ఆయనదే గదా. సొంతదారు నోరు పిలిచింది. అది ఆయన కాళ్లను ఇడువకుండనే సాగి, ఒక్క గొంగడి ఇద్దరు కప్పుకున్నట్టు, భద్రమ్మ కాళ్లకు గూడ అంటుకున్నది. సోమమ్మ నేల మీద కూలవడి, కొంగు నోట్ల కుక్కుకొని ఎక్కెక్కి ఏడ్చింది. ఈపారి సంబురానికి.

చెన్నయ్య యాదయ్య మేస్త్రిని తీస్కొని వచ్చేసరికి దీపాలు పెట్టే యాళ్లయింది. మేస్త్రి సంచి దించకముందే తాడు గుంజి చూసిండు. ఇంజిను చక్కగ నడిచింది. "బాగనే ఉన్నది గదనే, ఊకెనే తిప్పలవెట్టినవు" అన్నడు. చెన్నయ్యేమో, మంచం మీద పక్కపక్కన కూసొని జొన్న గటక తాగుతున్న తల్లిదండ్రులనే చూస్తున్నడు.

ఆనాటి నుంచి వాళ్లిద్దరికి ఒక్కటే నీడ. ఒకరు ముంగట, ఒకరు ఎనుక నడిస్తే అది గుంజుకపోయి ఇద్దరికీ కాళ్లు నొచ్చేవి. అందుకని దుర్గయ్య నడక తగ్గించిండు, భద్రమ్మ నడక పెంచింది. బాయి కాడికైనా ఇద్దరు, అంగడికైనా ఇద్దరు. గాలయ్య పరాచికాలాడితే, "నీ మ్యాక ఎద్దు నీడతోని తిరుగంగ లేంది, నేను నా పెండ్లాం నీడతోని తిరిగితే తప్పా?" అన్నడు దుర్గయ్య. భద్రమ్మ ఇంజినుకు బొట్టు మానలేదు. కాకపోతే ఇప్పుడు కింది ఇనుప కాళ్లకు పెడుతున్నది.

మల్ల ఎండలు ముదిరినయి. మంద కిష్ట ఒడ్డుకు పోయే దినమొచ్చింది. మోత్కూరు అంగడి దాటి ఎరుగని భద్రమ్మ, సద్ది మూట కట్టుకొని, గొంగడి భుజాన ఏసుకొని, గడప దిగింది. ఈపారి దొడ్డిల నుంచి కాదు, తలవాకిట్ల నుంచే. "కిష్ట అంటే ఎంతుంటదే సోమీ, మన వాగంతుంటదా?" అని అడిగింది. "నువ్వే చూసొచ్చి చెప్పు, అత్తా" అన్నది సోమమ్మ.

మంద ముంగట పోయింది. దాని ఎనుక దుమ్ముల ఇద్దరు మనుషులు, ఒక్క నీడ. తొవ్వ మలిగేదాక సోమమ్మ తడిక పట్టుకొని నిలవడ్డది. ఇద్దరూ కనవడకుండ పోయినంక గూడ అత్త గొంతు ఇనవడుతనే ఉన్నది. ఇన్నేండ్ల బాకీ తీర్చుకుంటున్నట్టు, పేరు మీద పేరు పిలుస్తున్నది.

"దుర్గయ్యా, జర మెల్లగ నడువు. దుర్గయ్యా, ఆ పిల్ల ఎనుకవడ్డది చూడు. దుర్గయ్యా, ఇంటున్నవా?"